జరగని సభకు ప్రెస్‌నోట్

సభ ఆదివారం సాయంత్రం ఐదింటికి, తెనాలిలో. ఆ సభ ఘనంగా జరిగిందన్న వార్త మాత్రం అదే రోజు పొద్దున పదింటికే వెళ్ళిపోయింది. అదీ ఒకటి కాదు, మూడు రకాలుగా.

ఇందులో తప్పంతా అఫ్జల్‌దే అంటే నేనొప్పుకోను. తెనాలిలో మోటారు వైండింగ్ షాపు పెట్టుకుని, కాలిపోయిన పంపుసెట్లకు ముప్పై ఏళ్ళుగా రాగితీగ చుట్టుకుంటున్న మనిషికి పత్రికల మర్యాదలు ఏం తెలుస్తాయి? చిన్నప్పుడు సంగం జాగర్లమూడిలో తను చదువుకున్న బడి గురించీ, అక్కడ పాఠం చెప్పిన వెంకట్రామయ్య మేష్టారి గురించీ తీరిక దొరికినప్పుడల్లా రాసుకుంటూ పోతే నూట ఇరవై పేజీలయ్యాయి. అచ్చు వేసేవాళ్ళు దొరక్క తనే వేయించుకున్నాడు. 'లాకుల దగ్గర బడి' అని పేరు పెట్టాడు. ఐదు వందల కాపీలు ఇంటికొచ్చి మంచం కింద చేరాక, పుస్తకం వచ్చిందని నలుగురికీ తెలియాలి కదా అని కిషోర్ దగ్గరికి వెళ్ళాడు. అక్కడికి వెళ్ళడం మాత్రం అతని తప్పే.

కిషోర్ ఒకప్పుడు విలేకరి. ఇప్పుడు గాంధీచౌక్ దగ్గర డీటీపీ షాపు నడుపుతున్నాడు. శుభలేఖ దగ్గర్నుంచి సంతాప సభ దాకా అతనికి రాయడం రాని కాగితం లేదు.

"ఐదింటికి సభ పెట్టుకుని, అది అయ్యాక ఫోటోలు దిగి, ఇంటికెళ్ళి నోట్ రాసి పంపేసరికి ఎంతవుద్ది భాయ్? అప్పటికి ఊళ్ళ పేజీలు కట్టేస్తారు. పొద్దున్నే ఇచ్చెయ్యాలి. జరిగినట్టే రాసెయ్యాలి. అందరూ చేసేదే ఇది" అన్నాడు కిషోర్.

"జరక్కముందే జరిగిందంటే ఎట్లా?"

"సాయంత్రానికి జరుగుద్ది కదా. రేపు పేపరు చదివేవాడికి అది జరిగిందే."

అక్కడితో ఆగినా బాగుండేది. తెనాలి పేజీ వేరు, బాపట్ల పేజీ వేరు, రేపల్లె పేజీ వేరు అని చెప్పాడు కిషోర్. తెనాలిలో జరిగిన సభని రేపల్లె పేజీలో వెయ్యరట. అందుకని నోట్లు మూడు. తెనాలి నోట్‌లో సభ తెనాలి గ్రంథాలయంలో జరిగింది. బాపట్ల నోట్‌లో బాపట్లలో, రేపల్లె నోట్‌లో రేపల్లెలో జరిగింది. మనిషొకడే, పుస్తకం ఒకటే, ఆదివారం ఒకటే.

"ఎవరన్నా చూస్తే?" అన్నాడు అఫ్జల్.

"రేపల్లె పేజీ రేపల్లె వాళ్ళే చూస్తారు. మూడు పేజీలూ ముందేసుకుని పోల్చుకునే పనిలేనోడు ఎవడుంటాడు?"

అఫ్జల్‌కి మనసు పీకింది. పీకినా, మూడు ఊళ్ళ పేపర్లలో తన పేరు అనుకునేసరికి ఆశ పుట్టింది. ఆశ పుట్టాక మనిషికి ముందూ వెనకా కనపడవు. పైగా ముఖ్య అతిథి మాటలు కూడా కావాలన్నాడు కిషోర్. ఆ అతిథి మేష్టారే కాబట్టి అవి అఫ్జల్ తనే రాసిచ్చాడు. మేష్టారు ఎట్లా మాట్లాడతారో అతనికి కంఠతా వచ్చు కదా. బళ్ళో ఆయన రోజూ అనే మాటే దించాడు.

ఇంటికొచ్చి ఖతీజాకి చదివి వినిపించాడు. "ఆదివారం రేపల్లె గ్రంథాలయంలో 'లాకుల దగ్గర బడి' పుస్తకాన్ని విశ్రాంత ఉపాధ్యాయుడు వెంకట్రామయ్య ఆవిష్కరించారు. అనంతరం ఆయన మాట్లాడుతూ, అక్షరం నేర్పితే చాలదని, అది నిలబడేదాకా పక్కన ఉండాలని అన్నారు. శిష్యుడి పుస్తకాన్ని తన చేతుల మీదుగా ఆవిష్కరించడం ఆనందంగా ఉందని భావోద్వేగానికి లోనయ్యారు."

ఖతీజా బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నది. మళ్ళీ రాళ్ళలో పడింది.

ఆదివారం పొద్దున కిషోర్ చెప్పినట్టే అఫ్జల్ ముగ్గురు విలేకరులకూ మూడు నోట్లు వాట్సాప్‌లో పంపాడు. పనిలో పనిగా పుస్తకం సంగతులు పంపడానికి పెట్టుకున్న తన సొంత జాబితాకి కూడా ఒకటి కొట్టాడు. ఆ తొందరలో అది రేపల్లె నోట్ అని చూసుకోలేదు. ఆ జాబితాలో అరవై మంది ఉన్నారు. వాళ్ళలో మేష్టారు కూడా ఉన్నారు.

ఒకటిన్నరకి బాపట్ల నుంచి ఫోను. మేష్టారి కూతురు హిమబిందు. అక్కడి జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. తల్లి పోయాక తండ్రి ఆమె దగ్గరే ఉంటున్నారు.

"అఫ్జల్ అన్నయ్యా, నాన్న కోసం కారేమన్నా పంపావా?"

"లేదమ్మా. మూడింటికి నువ్వే తీసుకొస్తానన్నావు కదా."

హిమబిందు గబగబా మాటలు అందుకుంది.

"నేను పదకొండింటికి బజారుకెళ్ళా. వచ్చేసరికి నాన్న లేరు. అన్నం తినలేదు. షుగరు బిళ్ళ వేసుకోలేదు. ఫోను స్విచ్చాఫ్. ఇస్త్రీ పంచె కట్టుకుని బస్టాండు వైపు వెళ్ళారని పక్కింటావిడ చెబుతోంది." గొంతు తగ్గించింది. "నీకో మాట చెప్పలేదన్నయ్యా. రెండు నెలల నించీ నాన్న తికమక పడుతున్నారు. మొన్న పాల పాకెట్టుకని వెళ్ళి వేరే వీధిలో నిలబడిపోయారు. ఎవరో తీసుకొచ్చి దిగబెట్టారు. నీకు చెబితే సభకి పిలవవేమోనని చెప్పలేదు. ఆ సభ కోసం ఆయన రోజులు లెక్కపెట్టుకుంటున్నారు."

అఫ్జల్ ఫోను పెట్టేసి వాట్సాప్ తెరిచాడు. మేష్టారికి వెళ్ళిన మెసేజీ కింద రెండు నీలం గీతలున్నాయి. పదకొండూ పదికి చదివారు. పైన 'రేపల్లె గ్రంథాలయంలో' అన్న మాట చూడగానే పై ప్రాణాలు పైనే పోయాయి.

సభ రేపల్లెలో అనుకుని బయల్దేరారన్నమాట. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, తిండి లేకుండా, మందు లేకుండా, మే నెల ఎండలో, ఎవరూ లేని హాలుకి. బస్సులో కళ్ళు తిరిగి పడిపోతే? మధ్యలో ఏ ఊళ్ళోనో దిగేస్తే? ఎక్కడున్నారో అడిగితే చెప్పగలరా? పేరు చెప్పగలరా?

అన్నం పళ్ళెం అట్లాగే వదిలేసి బండి తీశాడు. "ముందే చెప్పలేదా నేను" అని ఖతీజా ఏదో అనబోయి, అతని మొహం చూసి మానేసి, మంచినీళ్ళ సీసా చేతిలో పెట్టింది.

తెనాలి నుంచి రేపల్లెకి బండి మీద గంట పడుతుంది. ఆ గంట అఫ్జల్‌కి తెగలేదు. దారిలో తెల్ల పంచె కట్టుకున్న ప్రతి ముసలాయన దగ్గరా బండి నెమ్మది చేశాడు. వేమూరు దాటాక కాలవ గట్టు మీద పదిమంది గుమిగూడి నీళ్ళలోకి చూస్తున్నారు. అఫ్జల్ బండి ఆపాడు కానీ దిగలేకపోయాడు. అక్కడ బర్రె దిగబడింది, లాగుతున్నారు, అంతే. బర్రె అని తెలిశాక కూడా గుండె దడ తగ్గలేదు.

భట్టిప్రోలు దగ్గర ఫోను మోగింది. రేపల్లె విలేకరి మోహనకృష్ణ. ప్రెస్‌నోట్ అందుకున్న ముగ్గురిలో ఒకడు. అఫ్జల్ బయల్దేరేముందు అతనికి ఫోను చేసి, పెద్దాయన కనపడితే చెప్పమన్నాడు.

"అన్నా, కంగారుపడబాక. బస్టాండులో ఎవరో పెద్దాయన పడిపోయారంట. అంబులెన్సు వస్తోందంటున్నారు. నేను ఊళ్ళో లేను, అడవులదీవిలో ఉన్నా. నువ్వొకసారి చూసుకో."

కంగారుపడొద్దని చెప్పి ఇట్లాంటి మాట చెప్పేవాణ్ణి ఏమనాలి? మిగతా దారి అఫ్జల్ ఎట్లా వెళ్ళాడో అతనికే తెలియదు. దుఆ చదువుతున్నాడు, మధ్యలో మర్చిపోయి మళ్ళీ మొదట్నుంచి అందుకుంటున్నాడు. హిమబిందుకి ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకుంటున్నాడు. ఒక్క వాక్యమూ కుదరడం లేదు. పోయిన మనిషి సభలో ఆనందంగా మాట్లాడారని రేపు మూడు ఊళ్ళ పేపర్లలో వస్తుంది కదా అని తట్టింది. రోడ్డు పక్కన బండాపి కక్కుకున్నాడు.

బస్టాండులో జనం. సిమెంటు బల్ల పక్కన తెల్ల పంచె, నేల మీద చెప్పులు లేని పాదాలు. మొహం మీద ఎవరో తడి తువ్వాలు వేశారు. అఫ్జల్ జనాన్ని తోసుకుని వెళ్ళి తువ్వాలు తీశాడు.

మేష్టారు కాదు. ఎవరో పెద్ద మీసాలాయన. కళ్ళు తెరిచి చూస్తున్నాడు, పక్కన భార్య నీళ్ళు తాగిస్తోంది. అఫ్జల్ అల్లాకి దండం పెట్టుకున్నాడు. పెట్టుకుని, ఆ భార్య తనవైపే చూస్తుంటే తల దించుకుని బయటపడ్డాడు.

గ్రంథాలయానికి తాళం. మధ్యాహ్నం మూసి నాలుగింటికి తీస్తారు. ఆ తాళం ముందు మెట్టు మీద, నీడ తన మీద నుంచి జరిగిపోయిన సంగతి కూడా పట్టించుకోకుండా, వెంకట్రామయ్య మేష్టారు కూర్చుని ఉన్నారు.

అఫ్జల్ పరిగెత్తబోయాడు. ఎదురుగా టీ బంకు నడిపే రాజమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నీ మనిషేనా బాబూ? ఒంటిగంట నించీ ఇక్కడే ఉన్నాడు. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ అడుగుతున్నాడు. ఇక్కడ సభ జరిగిందా, నేను మాట్లాడానా అని. ఏ సభా లేదు తాతా అంటే, బాగా గుర్తు చేసుకో అమ్మా అంటాడు. నాకే భయమేసింది. మజ్జిగిచ్చా, రెండు బిస్కెట్లు తిన్నాడు."

అఫ్జల్‌కి ఆ మాటలు మొదట అర్థం కాలేదు. సభ ఎప్పుడు మొదలవుద్ది అని అడగాలి కదా. జరిగిందా అని అడగడమేంటి?

దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "మేష్టారూ."

ఆయన అతన్ని చూసి, దొంగతనంలో దొరికిన పిల్లాడిలా ఫోను కండువా కింద దాచుకున్నారు. "నువ్వెందుకొచ్చావురా అఫ్జల్? బిందుకి చెప్పావా?"

"మీరు కనపడక బెంగపడుతోందండి. ఏంటిది, ఇంత ఎండలో? ఫోనెందుకు ఆపేశారు?"

"ఎత్తితే నా గొంతు విని తేడా పట్టేస్తుంది బిందు." మేష్టారు అటూ ఇటూ చూశారు. అఫ్జల్ భుజం పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు. "ఒక్క మాట నిజం చెప్పు. నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పబాక. నేనెప్పుడు మాట్లాడానురా?"

"ఏంటండీ?"

కండువా కింద నుంచి ఫోను తీసి, ఆన్ చేసి చూపించారు. అదే నోట్. "ఐదుసార్లు చదివా. మాటలు నావే. అక్షరం నేర్పితే చాలదు అని నేనే అంటాను. ఆదివారం అని ఉంది. ఆవిష్కరించారు అని ఉంది. భావోద్వేగానికి లోనయ్యారంట, ఏడ్చానన్నమాట. అంత పెద్ద సంగతి ఎట్లా పోయిందిరా బుర్రలోంచి? సాయంత్రం సభ అని బిందు అద్దానికి చీటీ అంటించింది. సభ అయిపోయాక పీకెయ్యడం మర్చిపోయిందేమో అనుకున్నా. దాన్ని అడిగితే డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుంది. నిన్నడిగితే నీ పుస్తకం సభే మర్చిపోయానని నువ్వు బాధపడతావు. అందుకని ఇక్కడికొచ్చి చూస్తే గుర్తొస్తుందేమోనని వచ్చా. ఈ మెట్లు చూసినా గుర్తు రావట్లేదు. ఒక్క మొహం గుర్తు రావట్లేదు."

దారి పొడుగునా అఫ్జల్ భయపడిన వాటిలో ఇది లేదు. ఎండలో పడిపోతారనుకున్నాడు, తప్పిపోతారనుకున్నాడు. తను పేరాశతో రాసుకున్న నాలుగు వాక్యాలు చదివి ఒక మనిషి తన బుర్ర చెడిపోయిందని తీర్మానించుకుంటాడని అతనికి ఎట్లా తడుతుంది?

"మేష్టారూ, అది అబద్ధం. నేను రాసిన అబద్ధం. సభ ఇంకా జరగలేదండి. ఇవాళ సాయంత్రం తెనాలిలో. పేపర్లలో రావాలని జరిగినట్టు ముందే రాసేశాం. మీ మాటలు నేనే రాశా. రేపల్లె అని రాసింది కూడా ఈ ఊరి పేజీలో వేస్తారని. ఏ సభకీ మీరిక్కడికి రానే లేదు."

"జరగందాన్ని జరిగిందని ఎట్లా రాస్తారురా?"

"రాశామండి. బుద్ధి గడ్డి తిని రాశాం."

మేష్టారు అతని మొహంలోకి చాలాసేపు చూశారు, పిల్లాడు లెక్క నిజంగా చేశాడో, పక్కవాడిది చూసి దించాడో తేల్చుకుంటున్నట్టు. ఆఖరికి ఊపిరి వదిలారు. ముడతలు పడిన ఆ మొహం అంతా తేరుకుంది.

"హమ్మయ్య. అయితే నేనేం మర్చిపోలేదన్నమాట."

"లేదండి. మీరేం మర్చిపోలేదు."

"చంపేశావు కదరా వెధవా" అని నెత్తి మీద ఒకటి మొట్టారు. ఆ మొట్టికాయకి అఫ్జల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పికి కాదు.

హిమబిందుకి ఫోను చేశాడు. ఆమె ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత కారులో సరాసరి తెనాలికే వస్తానన్నది. ఆ వెంటనే అఫ్జల్ కిషోర్‌కి చేసి మూడు నోట్లూ ఆపించమన్నాడు. పంపినవి వెనక్కి తీసుకుంటే మళ్ళీ జన్మలో నీ వార్త వెయ్యరని కిషోర్ బెదిరించాడు. "వెయ్యకపోతే మానె" అని అఫ్జల్ తనే విలేకరులు ముగ్గురికీ చేసి, సభ జరగలేదు, వెయ్యొద్దని చెప్పాడు. మేష్టారి ఫోనులో ఉన్న నోట్‌ని కూడా తీసేద్దామని వేలు దాకా వెళ్ళింది. తీసేస్తే, చదివింది కూడా ఉత్తదేనేమో అని ఆయన ఇంకా భయపడతారేమోనని ఆగిపోయాడు.

రాజమ్మ చెప్పిన హోటల్లో మేష్టారి చేత నాలుగు ముద్దలు తినిపించాడు. బండి రాజమ్మ బంకు దగ్గర వదిలి, తెనాలి వెళ్ళే ప్యాసింజరు రైలెక్కించి తనూ ఎక్కాడు. సభకి అరగంట ఆలస్యమైనా ఫరవాలేదు, మనిషి దక్కాడు.

కిటికీ పక్కన కూర్చున్న మేష్టారు హుషారుగా ఉన్నారు. అఫ్జల్ ఐదో తరగతి హాజరు పట్టీ మొదట్నుంచి చివరిదాకా వరసగా అప్పజెప్పారు. ఒక్క పేరు తప్పలేదు. ఎవడు ఏ బెంచీలో కూర్చునేవాడో కూడా చెప్పారు. ఇంత జ్ఞాపకం ఉన్న మనిషికి ఏమవుతుందని, హిమబిందు ఊరికే కంగారుపడుతోందని అఫ్జల్ తేలికపడ్డాడు. ఆ రోజంతటిలో అతని గుండె నెమ్మదిగా కొట్టుకున్నది అప్పుడే.

భట్టిప్రోలు దాటింది. మేష్టారు మాటలు ఆపి బయటికి చూస్తున్నారు. చేతిలో ఫోను వెలిగింది. కాసేపటికి అఫ్జల్ భుజం పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు.

"అఫ్జల్, ఒక్క మాట నిజం చెప్పు. ఈ సభలో నేనెప్పుడు మాట్లాడానురా?"

రైలు పెట్టెలో పల్లీలు అమ్ముకునేవాడు కేకేసుకుంటూ వెళ్ళిపోయాడు. అఫ్జల్ ఆయన మొహంలో వేళాకోళం కోసం వెతికాడు. అక్కడ లేదు. మెట్ల మీద చూసిన భయమే, చెక్కు చెదరకుండా, మొదటిసారి పుట్టినట్టే ఉంది.

"అది జరగలేదు మేష్టారూ" అన్నాడు. "సభ ఇంకా జరగలేదండి. మేం ముందే రాసేశాం. మీ మాటలు నేనే రాశా."

"జరగందాన్ని జరిగిందని ఎట్లా రాస్తారురా?"

"రాశామండి."

"హమ్మయ్య" అన్నారు మేష్టారు. మొహం అదే విధంగా తేరుకుంది. "అయితే నేనేం మర్చిపోలేదన్నమాట. బిందుకి చెప్పబాక, ఊరికే కంగారుపడుతుంది."

వేమూరులో ఇంకోసారి అడిగారు. ఇంకోసారి నెత్తి మీద మొట్టారు. ప్రతిసారీ భయం కొత్తదే, ప్రతిసారీ సంతోషం కొత్తదే. మెట్ల దగ్గర అఫ్జల్ తన తప్పు ఒప్పుకోవడం ఒక్కసారితో తీరిపోతుందనుకున్నాడు.

తెనాలిలో హాలు నిండిందని ఖతీజా ఫోను చేసింది. హిమబిందు కూడా వచ్చేసిందట, స్టేషన్‌కే వస్తోందట. "మేష్టారు బాగున్నారా?" అని అడిగింది. అఫ్జల్ ఆయన వైపు చూశాడు. మేష్టారు ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని పెదాలు కదుపుతూ చదువుకుంటున్నారు. వస్తున్నామని మాత్రం చెప్పి పెట్టేశాడు.

రైలు జంపనిలో ఆగింది. భుజం మీద చెయ్యి పడింది.

"అఫ్జల్, ఒక్క మాట."

"చెప్పండి మేష్టారూ" అని అతను ఆయన వైపుకి తిరిగి కూర్చున్నాడు.